పెద్ద ఓడా, చిన్న ఓడా? సిరొంచ ఇంట్లో ఒక పంచాయితీ

పోయిన దీపావళికి మేము ముగ్గురం సిరొంచలో కలిశాం. ఇద్దరం బెంగళూరు నుంచి మంచిర్యాల దాకా రైల్లో, అక్కడినుంచి బస్సులో కాళేశ్వరం మీదుగా వంతెన దాటి వచ్చాం. తమ్ముడు సియాటెల్ నుంచి వచ్చాడు. వాడు సంచిలోంచి స్వీట్ల కంటే ముందు రెండు కాగితాల కట్టలు తీసి అరుగు మీద పెట్టాడు. వచ్చే జూన్‌లో అమ్మనీ బాపునీ అలాస్కా తీసుకుపోవాలని వాడి కోరిక. ఒక కట్ట పెద్ద ఓడది, ఇంకొకటి చిన్న ఓడది. ఏది అనేది తేల్చాలి. రెండు రోజుల్లో అయిపోతుందనుకున్నాం. పండగ నాలుగు రోజులూ అదే సరిపోయింది.

బాపుకు డెబ్భై దగ్గర పడుతున్నాయి. గుండెకు స్టెంట్ వేసి మూడేళ్ళయింది. అమ్మకు మోకాళ్ళ నొప్పి. కాబట్టి మేము ముందే అనుకుని వచ్చింది పెద్ద ఓడే. మాలో ఒకరిది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని. ఏది ఎక్కడ చెడిపోతుందో ముందే రాసుకోవడం అలవాటు. మధ్యరాత్రి ఛాతీలో నొప్పి వస్తే, జారి పడితే, తిండి పడకపోతే, అని ఒక పట్టిక తయారైంది. పెద్ద ఓడలో మూడు నాలుగు వేల మంది ఉంటారు. డాక్టరు, చిన్న ఆసుపత్రి, లిఫ్టులు, నాలుగైదు భోజనశాలలు ఉంటాయి. సముద్రం పొంగితే ఓడ పక్కలకు ఊగకుండా స్టెబిలైజర్లు అనే రెక్కలు ఉంటాయి. చిన్న ఓడలో అరవై నుంచి వంద మంది. ఒకటే వంటిల్లు. చాలావాటిలో డాక్టరు ఉండడు. ధర మాత్రం పెద్దదానికంటే బాగా ఎక్కువ.

బాపు కాగితాలు రెండూ చదివి, కళ్ళజోడు తీసి, "గా పెద్దది ఓడ గాదు, ఊరు. ఊరు చూసుటానికి గంత దూరం ఎందుకు?" అన్నాడు.

ఆయన వాదన తేలిగ్గా తీసేసేది కాదు. పెద్ద ఓడ లోతు నీళ్ళు ఉన్నచోటికే పోగలదు. చిన్నది సన్నని పాయల్లోకి దూరుతుంది, మంచు గోడకు ఎదురుగా చాలాసేపు నిలబడుతుంది, ఎలుగుబంటి కనపడితే ఆగుతుంది. గ్లేసియర్ బే అనే చోటికి రోజుకు రెండు పెద్ద ఓడలనే రానిస్తారు. జూనో ఊరివాళ్ళు జనం తాకిడి తట్టుకోలేక 2024 నుంచి రోజుకు ఐదు పెద్ద ఓడలే అని కట్టడి పెట్టుకున్నారు. ఒక్కో ఓడ నుంచి వేల మంది ఒక్కసారే దిగితే ఊరు ఏమవుతుందో సిరొంచవాళ్ళకు చెప్పాలా? 2022 ఏప్రిల్ 13 నుంచి 24 దాకా ప్రాణహిత పుష్కరాల్లో చూశాం కదా.

ఆ సాయంత్రం బాపు మమ్మల్ని నది ఒడ్డుకు తీసుకుపోయాడు. వార్ధా, వైన్‌గంగా కలిసి ప్రాణహిత అయి, మా ఊరి పక్కనుంచి పారి, ఎదురుగా కాళేశ్వరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఆయన మాకు చెప్పింది కాటన్ దొర సంగతి. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్‌కు ఇంకో పెద్ద ఆలోచన ఉండేది. నాగపూర్, బేరార్ పత్తిని ఈ నది మీదుగానే ఆవిరి ఓడల్లో సముద్రానికి చేర్చాలని. అప్పట్లో సిరొంచ ఎగువ గోదావరి జిల్లాకు ముఖ్యపట్టణం. కానీ నదిలో మూడు చోట్ల రాళ్ళ అడ్డంకులున్నాయి: దుమ్ముగూడెం, ఇంచంపల్లి, ప్రాణహిత మీద దేవల్‌మరి. కాలువలు, లాకులు కట్టి ఓడల్ని దాటించాలని ఏళ్ళ తరబడి పని చేశారు. వానలు వెనకపడితే నీళ్ళు తగ్గిపోయేవి. ఈలోపు 1867లో నాగపూర్‌కు రైలు వచ్చేసింది. 1871లో పని ఆపేశారు.

"ఆవిరి ఓడలు రాళ్ళకాడ ఆగినయ్. మనోళ్ళ దోనె ఆగలే," అన్నాడు బాపు. ఒకే దుంగను తొలిచి చేసే దోనె జానెడు నీళ్ళలో కూడా పోతుందని ఆయన గర్వం. మరాఠీవాళ్ళు దాన్నే డోంగా అంటారు. మాకు ఆ మాట కొత్త కాదు. బాపు ఉద్యోగం హోస్పేటలో కాబట్టి మా చదువంతా అక్కడి కన్నడ బడిలో సాగింది. పడవను దోణి అనే పిలిచేవాళ్ళం. ఆనెగొంది దగ్గర తుంగభద్ర దాటడానికి హరిగోలు ఎక్కేవాళ్ళం, తెలుగులో పుట్టి అంటారు. చిన్నప్పుడు బాపు "ఓడ" అంటే మాకు కన్నడ "ఓడు" వినపడి, పరుగెత్తమంటున్నాడేమో అనుకునేవాళ్ళం.

ఒడ్డు నుంచి వచ్చేసరికి తమ్ముడు బాపు వైపు తిరిగిపోయాడు. చిన్న ఓడైతే ఇంకో లాభం కూడా ఉందన్నాడు. అమెరికాలో 1886 నాటి చట్టం ఒకటుంది. వేరే దేశపు జెండా ఉన్న ఓడ అమెరికా రేవులో జనాన్ని ఎక్కించుకుని, మధ్యలో ఇంకో దేశంలో ఆగకుండా మళ్ళీ అమెరికా రేవులోనే దింపకూడదు. పెద్ద ఓడలు దాదాపు అన్నీ వేరే దేశాల జెండాలవే. అందుకే సియాటెల్ నుంచి పోయి వచ్చే ఓడ కెనడాలో, ఎక్కువగా విక్టోరియాలో, ఆగుతుంది. అంటే మన పాస్‌పోర్టు వాళ్ళు కెనడా వీసా కూడా చూసుకోవాలి. అమెరికా జెండా ఉన్న చిన్న ఓడకు ఆ బాధ లేదు. అది జూనో నుంచో సిట్కా నుంచో బయల్దేరుతుంది, అక్కడిదాకా విమానంలో పోవాలి. పైగా సియాటెల్ ఓడలు చాలావరకు వాంకూవర్ దీవికి పడమటగా, తెరిచిన సముద్రం మీదుగా పోతాయి. చిన్న ఓడ తిరిగేది ఎక్కువగా దీవుల మధ్య నీళ్ళలో. అక్కడ అలలు తక్కువ.

మూడో రోజుకు మా పట్టిక బలహీనపడింది. చిన్న ఓడే అనుకున్నాం. తమ్ముడు ఫోన్ తీసి చిన్న ఓడ వీడియో పెట్టాడు. జనం ఓడ వెనకవైపు మెట్ల మీదినుంచి రబ్బరు పడవలోకి దిగుతున్నారు. పడవ ఊగుతోంది. ఇద్దరు కుర్రాళ్ళు ఒక పెద్దావిడ చెరో చెయ్యి పట్టుకుని, ఒకటి, రెండు, మూడు అని దింపారు. ఆవిడ నవ్వుతోంది.

అమ్మ శనగలు వేయిస్తున్నది అక్కడే. వీడియో చూసి పొయ్యి ఆపింది.

"రోజూ గిట్లనే దిగాల్నా?"

తమ్ముడు అవునన్నాడు. చిన్న ఓడలో చాలా చోట్ల రేవు ఉండదు, ఒడ్డుకు పోవాలంటే అదే దారి.

"నన్ను ఎవలన్న అడిగిండ్రా?" అంది అమ్మ. కోపంగా అనలేదు. మాకెవరికీ జవాబు రాలేదు. నాలుగు రోజుల నుంచి ఆమె మోకాళ్ళ గురించి మాట్లాడాం, ఆమెతో మాట్లాడలేదు.

అప్పుడు చెప్పింది. అమ్మది మంథని వైపు. పెళ్ళి శ్రావణంలో అయ్యింది, నది నిండుగా ఉంది. వంతెన లేదు. కాళేశ్వరం ఒడ్డున పెళ్ళికూతురిని మోకాలిలోతు నీళ్ళలో నడిపించి, ఇద్దరు మనుషులు రెక్కలు పట్టి పడవలోకి ఎత్తారట. ఈ ఒడ్డున మళ్ళీ అట్లాగే దింపారట. పట్టుచీర నడుము దాకా తడిసింది. అత్తవారి ఊరంతా ఒడ్డున నిలబడి చూస్తోంది. తర్వాత పుట్టింటికి పోయిన ప్రతిసారీ అంతే. కడుపుతో ఉన్నప్పుడూ అంతే. వాళ్ళమ్మ పోయిందని కబురొచ్చిన రోజూ అంతే.

"మీ బాపు దుంకి ఎక్కెటోడు. నన్ను ఎత్తెటోళ్ళు. గాయినకు నది అంటే ఆట. నాకు నది అంటే ఎవలో ఒకలు రెక్క పట్టుడు. ఓడ పెద్దదో చిన్నదో నాకెందుకు? నా అంతల నేను నడిచి ఎక్కేది, నడిచి దిగేది కావాలె."

పుష్కరాలప్పుడు అమ్మ ఘాట్ పై మెట్టు మీదే కూర్చుని చెంబుతో నీళ్ళు పోసుకుంది. రద్దీ అని చెప్పింది, మేము నమ్మాం. పట్టికలో "జారి పడితే" అని రాసుకున్నవాళ్ళం, "ఎత్తించుకోవడం ఇష్టం లేకపోతే" అని ఒక వరుస రాయాలని మాకు తట్టలేదు.

బాపు చాలాసేపు మాట్లాడలేదు. నలభై ఏళ్ళకు పైగా కలిసి ఆ నది దాటిన మనిషి. ఆ రాత్రి అన్నం తినేటప్పుడు, "పెద్దదాన్నే చెప్పురా," అన్నాడు తమ్ముడితో. "రేవుకు ఆనుకుని ఆగుతదా, అడుగు."

అడిగాం. అందరికీ పనికొచ్చే మాట ఇది: పెద్ద ఓడ అన్నంత మాత్రాన ప్రతి ఊళ్ళో రేవుకు ఆనుకుని ఆగదు. కొన్ని చోట్ల నీళ్ళలోనే నిలిపి, చిన్న పడవల్లో ఒడ్డుకు చేరుస్తారు. ఏ ఊళ్ళో ఎట్లా ఆగుతుందో ముందే కనుక్కోవాలి. మేము ఎంచుకున్న దారిలో అన్ని ఊళ్ళలోనూ వంతెనలాంటి మెట్ల మార్గం మీద నడిచి దిగొచ్చని చెప్పారు. శాకాహారం సంగతి ముందుగా రాసి పంపాం. కెనడా వీసాకు కాగితాలు సర్దుతున్నాం. బాల్కనీ ఉన్న గది తీసుకున్నాం, అమ్మ అలసిపోతే గదిలోంచే మంచు కొండ చూడొచ్చని.

బాపుకు ఒక వాటా మిగిల్చాం. జూనోలో ఓడ ఆగిన రోజు, తిమింగలాలు చూపించడానికి చిన్న పడవలు పోతాయి. అందులో బాపుకు, తమ్ముడికి రెండు టికెట్లు. అమ్మ ఆ పూట ఒడ్డున ఊరు తిరుగుతానంది, మాలో ఒకరితో.

పండగ అయి బయల్దేరే రోజు, బస్సు వంతెన ఎక్కగానే అమ్మ ఫోన్ చేసింది. వంతెన మీదున్నారా అని అడిగింది. అవునన్నాం. "నడుమల ఒక్కసారి కిందికి చూడుండ్రి, గాడనే మేం దాటేది," అని పెట్టేసింది. ఇన్నేళ్ళుగా ఆ వంతెన మీదుగా వస్తూ పోతూ ఉన్నాం. ఆ చోటు ఏదో మేము ఎప్పుడూ అడగలేదు.

మీ ఇళ్ళలో పెద్దవాళ్ళను ప్రయాణానికి తీసుకుపోతుంటే, టికెట్ల కంటే ముందు ఒక్క మాట వాళ్ళనే అడగండి. మాకు నాలుగు రోజులు పట్టింది.