కేథరిన్ పుట్టిల్లు

ఆడపిల్ల పురిటికి పుట్టింటికి వెళ్ళడం మన దగ్గరే ఉందని, తక్కిన లోకంలో ఆడవాళ్ళు ఆసుపత్రికి నడిచి వెళ్ళి, బిడ్డను చంకనెత్తుకుని చక్కా వచ్చేస్తారని మనలో చాలామందికి ఓ అభిప్రాయం. దానికి అడ్డు చెప్పే ఇటుకల ఇల్లొకటి అమెరికాలో బాల్టిమోర్ నగరంలో ఉంది. ఎమరీ వీధి, ఇంటి నంబరు 216. 1895 ఫిబ్రవరి 6న కేథరిన్ రూత్ అనే ఆవిడ ఆ ఇంట్లో, అంటే తన తండ్రి ఇంట్లో, మంత్రసాని చేతుల మీదుగా మగపిల్లవాణ్ణి కన్నది. పిల్లవాడికి తండ్రి పేరే పెట్టారు, జార్జ్ అని. పెద్దవాడయ్యాక లోకం ఇంకో పేరు పెట్టింది. బేబ్ రూత్.

అమెరికాలో బేబ్ రూత్ ఎవరని అడగడం, మనవైపు ఎన్టీ రామారావు ఎవరని అడగడం లాంటిది. ఎగాదిగా చూస్తారు.

బేస్‌బాల్ అన్నది మన క్రికెట్టుకి పినతల్లి కొడుకు. బంతీ, కర్రా ఉంటాయి. వికెట్లుండవు. బంతిని మైదానం దాటించి కొడితే దాన్ని హోమ్ రన్ అంటారు. మన సిక్సరే అనుకోండి. కాకపోతే కొట్టినవాడు కర్ర పడేసి, మైదానంలో మూడు మూలలూ చుట్టి, బయలుదేరిన చోటికే తిరిగి రావాలి. ఆ చోటికి వాళ్ళు పెట్టుకున్న పేరు 'హోమ్'. ఇల్లన్నమాట! ఎంత దూరం కొట్టినా, ఇంటికి చేరితేనే లెక్క. ఈ ఒక్క ముక్కతో ఆ ఆట మీద నాకు గౌరవం కలిగింది. బేబ్ రూత్ అలా ఇంటికి చేరినవి 1927లో ఒక్క ఏడాదే 60, మొత్తం మీద 714.

ఇంతకీ నాకీ గొడవెలా తెలిసిందంటారా? కిందటేడు మా అమ్మాయి పురిటికి మేరీలాండ్ వెళ్ళాను. మా రోజుల్లో కూతురు పుట్టింటికి వచ్చేది. ఇప్పుడు పుట్టిల్లే వీసా చేయించుకుని, కాయం సీసా, వాము పొట్లం సూట్‌కేసులో సర్దుకుని, విమానమెక్కి కూతురింటికి వెళుతోంది. ఏదైతేనేం, తల్లీ కూతురూ ఒకచోట ఉంటే అదే పుట్టిల్లు అని సరిపెట్టుకున్నాను.

మనవడికి మూడో నెల వచ్చాక, ఓ సెలవురోజున మా అల్లుడు, "అత్తయ్యగారూ, ఇంట్లో ఉండి ఉండి మీకు విసుగ్గా ఉంటుంది. బాల్టిమోర్ వెళ్ళొద్దాం. బేబ్ రూత్ పుట్టిన ఇల్లు మ్యూజియం చేశారు, చూద్దురుగాని" అన్నాడు.

"ఆటలాడేవాళ్ళ మ్యూజియంలో నాకేముంటుంది బాబూ?" అన్నాను.

"అమ్మా, అది వాళ్ళమ్మ పుట్టిల్లు" అంది మా అమ్మాయి, పిల్లవాడికి టోపీ పెడుతూ. ఆ మాట అనేసరికి నేను చీర మార్చుకోవడానికి లేచాను.

ఊళ్ళో బేస్‌బాల్ స్టేడియం దగ్గర దిగాం. అక్కడ బేబ్ రూత్ నిలువెత్తు విగ్రహం ఉంది. ఆయనది ఎడమచేతి వాటం. విగ్రహానికేమో కుడిచేతి వాటం వాళ్ళు వాడే గ్లవ్ పెట్టారు. 1995లో విగ్రహం నిలబెట్టినప్పటి నుంచీ జనం దాన్ని చెప్పుకుని నవ్వుకుంటున్నారట. తల్లి బతికి ఉంటే చూసీ చూడగానే చెప్పేది కదా, "మావాడిది ఎడమచెయ్యి వాటం నాయనా" అని! ఆ స్టేడియం కట్టిన స్థలంలోనే ఒకప్పుడు రూత్ తండ్రి బారు ఉండేది. ఇప్పుడు సరిగ్గా అక్కడే మైదానం నడిమధ్య పచ్చగడ్డి పెరుగుతోంది.

విగ్రహం దగ్గర నుంచి ఆ ఇంటిదాకా కాలిబాట మీద బంతుల బొమ్మలు వేశారు. మొత్తం 60. వాటి వెంట నడిచిపోతే చాలు, దారి అడగనక్కరలేదు. ముగ్గుచుక్కలు లెక్కపెట్టే అలవాటు కొద్దీ నేనూ లెక్కపెట్టబోయాను. ముప్ఫై దాటాక మనవడు గుక్కపట్టాడు. లెక్క తప్పింది.

ఆ పేటని పిగ్‌టౌన్ అనేవారు. రైల్లో దిగిన పందుల్ని వీధుల వెంట తోలుకుంటూ కబేళాలకి తీసుకెళ్ళేవారట. అందుకని ఆ పేరు. గోడకి గోడ ఆనుకున్న ఇరుకు ఇళ్ళు. కేథరిన్ తండ్రి పయస్ షాంబర్గర్ జర్మనీ నుంచి వచ్చినవాడు. కుర్చీలకీ సోఫాలకీ దూది కూరి గుడ్డ కుట్టే పనివాడు. ఆ ఇల్లు కూడా సొంతం కాదు, అద్దెదే. అయితేనేం, తండ్రి ఉన్న ఇల్లే ఆడపిల్లకి పుట్టిల్లు.

పైగది చిన్నది. 1895లో ఎలా ఉండి ఉంటుందో అలా మంచం, సామాను అమర్చి పెట్టారు. మా అమ్మాయి గుమ్మంలోనే నిలబడిపోయింది. మూడు నెలల బాలింత కదా, ఆ మంచాన్ని చూసే చూపు వేరుగా ఉంది. "మత్తుమందు లేదు, ఏమీ లేదు, కదమ్మా?" అంది మెల్లిగా. మా అల్లుడు కింద బ్యాట్లూ, చొక్కాలూ, ఫొటోలూ చూసుకుంటున్నాడు. మేమిద్దరం ఆ గదిలోనే చాలాసేపు ఉండిపోయాం.

కేథరిన్ ఎనిమిదిమంది పిల్లల్ని కన్నది. బతికినవాళ్ళు ఇద్దరు. పెద్దవాడు జార్జ్, ఆ తర్వాత మేమీ అని పిలిచే ఆడపిల్ల. తక్కిన ఆరుగురూ పసితనంలోనే పోయారు. కాపురం బారు మీది వాటాలో. భార్యాభర్తలిద్దరికీ పొద్దస్తమానం కింద దుకాణంలో చాకిరీ. పిల్లవాడు బడి ఎగ్గొట్టి వీధుల వెంట తిరిగేవాడు. ఏడేళ్ళవాణ్ణి, 1902 జూన్‌లో, సెయింట్ మేరీస్ అనే పాఠశాలలో వేశారు. క్రైస్తవ సోదరులు నడిపే హాస్టలు బడి అది. అనాథలూ, అల్లరి పిల్లలూ ఉండే చోటు. మధ్యమధ్య ఇంటికి తెచ్చుకున్నా, మళ్ళీ అక్కడికే. అక్కడే బేస్‌బాల్ నేర్చాడు. అక్కడే చొక్కాలు కుట్టడమూ నేర్చాడు. లక్షలు గడించాక కూడా తన చొక్కా కాలరు తనే విప్పి సరిచేసుకునేవాడని చదివినప్పుడు, ఆ సోఫాలు కుట్టే తాతగారు నాకు గుర్తొచ్చాడు.

కేథరిన్ 1912లో పోయింది. నలభై నిండలేదు. కొడుకు డబ్బు తీసుకుని ఆడే ఆటగాడైంది 1914లో. అంటే ఆ 714లో ఒక్కటి కూడా ఆ తల్లి చూడలేదన్నమాట.

ఇంకో సంగతి వినండి. బేబ్ రూత్ తను 1894 ఫిబ్రవరి 7న పుట్టాననే చాలాకాలం అనుకున్నాడు. 1934లో జపాను ప్రయాణానికి పాస్‌పోర్టు కావలసి వచ్చి కాగితాలు తీయిస్తే, ఏడాది చిన్నవాడని తేలింది. ముప్ఫై తొమ్మిదేళ్ళవాడికి తన పుట్టినరోజు ఆఫీసులో తెలిసింది! మనకి పుట్టిన తిథీ వారమూ చెప్పేదెవరు? "నువ్వు పుట్టినప్పుడు కుండపోత వాన, మంత్రసాని మోకాలి లోతు నీళ్ళలో నడిచొచ్చింది" అని వంద సార్లు చెప్పే తల్లే కదా.

ఇక ఆ ఇల్లు మ్యూజియమైన కథ. రూత్ 1948లో పోయాడు. 1960ల చివరికి ఆ ఇల్లు పాడుపడింది. పక్కిళ్ళతో సహా పడగొట్టేద్దామని నిశ్చయమైపోయింది. అప్పుడు మేయరుగారి కార్యాలయంలో పత్రికల వ్యవహారాలు చూసే ఉద్యోగి ఒకాయన పూనుకుని, ఊళ్ళో అందరికీ సంగతి చాటి, పడగొట్టడం ఆపించాడు. మొత్తం నాలుగిళ్ళు కలిపి బాగుచేసి, 1974లో జనం చూడడానికి తెరిచారు. ఆ ఏడాది ఏప్రిల్ 8నే హాంక్ ఆరన్ అనే ఆటగాడు 715వ హోమ్ రన్ కొట్టి రూత్ రికార్డు దాటేశాడు. రికార్డు పోయిన ఏడాదే ఇల్లు నిలబడింది. 2015 ప్రాంతంలో మరోసారి మూసి, మరమ్మతులు చేసి, మళ్ళీ తెరిచారు.

మొదట తెరిచినప్పుడు లోపల ఏం పెట్టాలో, ఏది అసలైన వస్తువో తేల్చి చెప్పినవాళ్ళెవరనుకున్నారు? రూత్ భార్య క్లేర్, కూతుళ్ళు డొరొతీ, జూలియా, చెల్లెలు మేమీ. నలుగురూ ఆడవాళ్ళే! ఏ చొక్కా ఎవరిదో, ఏ ఫొటో ఎప్పటిదో ఆడవాళ్ళకి కాక ఎవరికి గుర్తుంటుంది చెప్పండి. ఎనిమిదిమందిలో మిగిలిన ఇద్దరిలో ఒకతె అయిన ఆ మేమీ 1992 దాకా బతికి, అన్నగారి జ్ఞాపకాలు చెప్పిపెట్టింది.

పాత ఇల్లు బాగుచేయడమంటే సున్నం కొట్టించడం కాదు. తలుపుకి ఏ రంగు, మంచం ఏ మూల, అని అడిగి అడిగి తెలుసుకోవాలి. చెప్పేవాళ్ళుండగానే అడగాలి. గోడ పడితే మళ్ళీ కట్టుకోవచ్చు. చెప్పేవాళ్ళు పోతే ఎవర్ని తెచ్చుకుంటాం?

ఈ మాట ఇంత గట్టిగా ఎందుకంటున్నానంటే, నేను అమెరికాలో ఉండగానే మా తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, మన ఇల్లు బిల్డరుకిచ్చేద్దామనుకుంటున్నాం. దూలాలు పుచ్చిపోయాయి. వానొస్తే నడవంతా నీళ్ళు. నువ్వొచ్చి సంతకం పెట్టాలి" అన్నాడు. తెనాలి దగ్గర మా పెంకుటిల్లు. వాడి మాటలో అబద్ధం లేదు. బాగుచేయించాలంటే వాడి పింఛను చాలదు. మా ఇంట్లో బేబ్ రూత్ పుట్టలేదు, పడగొట్టవద్దని ఊరు కదిలి రావడానికి. పుట్టినవాళ్ళం ఓ టీచరు, ఓ బ్యాంకు గుమాస్తా, ఓ గృహిణి.

"సంతకం పెడతాను గానీ, నాదో కోరిక" అన్నాను.

"ఊయల బల్లా? గంధపు పెట్టా? నీకేది కావాలంటే అది తీసుకో అక్కా."

"అవేమీ వద్దురా. పడగొట్టే ముందు నడిమింటి గదికి నాలుగు వైపులా ఫొటోలు తీయించు. పిన్ని దగ్గర కూర్చుని, ఆ గదిలో పుట్టినవాళ్ళందరి పేర్లూ ఓ పుస్తకంలో రాయి. పోయినవాళ్ళవి కూడా."

అటువైపు కాసేపు మాట లేదు. మా అమ్మకి ఐదు కాన్పులు. మేం ముగ్గురం. తక్కిన ఇద్దరి ఊసు మా ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు. అమ్మ ఎత్తేది కాదు, మేం అడిగేవాళ్ళం కాదు. పిన్నికి ఎనభై ఆరేళ్ళు. ఆవిడ తర్వాత చెప్పేవాళ్ళు లేరు.

వారం తిరక్కుండా తమ్ముడు పుస్తకంలో పేజీ ఫొటో తీసి పంపించాడు. వాడి గుండ్రటి బ్యాంకు దస్తూరీ. తాతమ్మ నాటి నుంచి ఆ గదిలో పదిహేడు కాన్పులు. మా ముగ్గురికీ పైన ఒక పేరు, సుబ్బారావు, ఏడాదిన్నర, పొంగు చూపింది. మాకూ వాడికీ మధ్య ఇంకో గీత. అక్కడ పేరుండవలసిన చోట 'పాప' అని ఉంది. బారసాల రోజు దాకా కూడా నిలవలేదట. పేరు పెట్టలేదు.

ఆ పక్కన తమ్ముడు ఇంకో మాట కూడా రాశాడు, పిన్ని చెప్పినదే. "ఉంగరాల జుట్టు. అచ్చం అమ్మలాగే."

తిరిగొచ్చి సంతకం పెట్టాను. ఇప్పుడక్కడ నాలుగంతస్తుల ఇల్లు లేస్తోంది. పుస్తకం మాత్రం మా తమ్ముడి భార్య బీరువాలో పట్టుచీరల మధ్య పెట్టింది. మా అమ్మాయి దాన్ని ఫోన్లో చూసి, "అమ్మా, చివర్న మావాడి పేరు కూడా రాయించవా?" అని అడిగింది. "వాడు పుట్టింది ఆ గదిలో కాదే" అన్నాను. "నువ్వొచ్చావుగా" అంది.

పద్ధెనిమిదో పేరు రాయించాను.