నాలుగు రోజులు

మా తమ్ముడు 1983 డిసెంబరు 28న పుట్టాడు. మరో నాలుగు రోజులు ఆగి పుట్టి ఉంటే వాడి కథ వేరుగా ఉండేదని అమ్మ చాలాకాలం అనుకునేది. ఆవిడకు జాతకాల మీద పట్టింపు లేదు. నాన్నగారు టెన్నిస్ పోటీల నిబంధనలను చదివి వినిపించిన నాటినుంచి ఆ మాట మా ఇంట్లో పడింది.

పిల్లల టెన్నిస్‌లో వయసును పుట్టిన సంవత్సరంతో లెక్కిస్తారు. 1997లో పద్నాలుగేళ్ళ లోపు విభాగమంటే 1983లోనో, ఆ తరువాతనో పుట్టినవారి విభాగమన్నమాట. ఆ సంవత్సరం జనవరి మొదటివారంలో పుట్టిన కుర్రవాడూ, డిసెంబరు చివరివారంలో పుట్టిన మా వాడూ కాగితం మీద ఒకే ఈడువాళ్ళు. కోర్టులో మాత్రం ఇద్దరికీ మధ్య ఏడాది ఎదుగుదల అడ్డుగా నిలిచేది. మగపిల్లలు సగటున పద్నాలుగో ఏటి ప్రాంతంలో అతివేగంగా పొడవు పెరుగుతారు. ఆ ఒక్క ఏడాదిలోనే ఎనిమిది తొమ్మిది సెంటీమీటర్లు సాగడం మామూలు. సర్వీసు చేసేవాడి ఎత్తు విలువ ఏమిటో నెట్టుకు అవతల నిలబడినవాడికి బాగా తెలుస్తుంది.

ఇంతకీ దేశం తరఫున ఆడటానికి ఉన్న చోట్లు ఎన్ని? పద్నాలుగేళ్ళ లోపు జట్లకు 1991 నుంచి వరల్డ్ జూనియర్ టెన్నిస్ జరుగుతున్నది. పదహారేళ్ళ లోపువారికి 1985లో వరల్డ్ యూత్ కప్పు పేరుతో మొదలైన పోటీయే తరువాతి కాలంలో మగపిల్లలకు జూనియర్ డేవిస్ కప్పు అయింది. ఏ పోటీకైనా జట్టులో ముగ్గురే పిల్లలు, వారికొక కెప్టెన్. రెండు సింగిల్స్, ఒక డబుల్స్ ఆడితే రెండు దేశాల మధ్య పోరు తేలిపోతుంది. ఇంత పెద్ద దేశానికి, ఒక ఈడు మగపిల్లలకు మూడంటే మూడే చోట్లు. నాలుగోవాడి పేరు ఎవరికీ గుర్తుండదు.

మా వాడు నాలుగోవాడు.

ఆ నాలుగో స్థానానికైనా ఎలా చేరాడో చెప్పాలి. ఎంపికకు ముఖ్యమైన ఆధారం జాతీయ ర్యాంకు. ఏడాది పొడవునా పలు నగరాల్లో జరిగే టోర్నమెంట్లలో గెలిచిన రౌండ్లను బట్టి పాయింట్లు వస్తాయి. టోర్నమెంటు స్థాయి పెరిగిన కొద్దీ పాయింట్లూ పెరుగుతాయి. కనుక ఆట ఎంత వచ్చినా, తిరగగలిగినంత మేరకే ర్యాంకు. నాన్నగారు విజయవాడ రైల్వేలో గుమాస్తా. ఏడాదికి మూడు సెట్ల పాసులు. జనవరిలోనే క్యాలెండరు ముందేసుకుని వాటిని ఏ ఊరికి వాడాలో గుర్తులు పెట్టుకునేవారు. జీటీ ఎక్స్‌ప్రెస్‌లో రాకెట్లను దుప్పట్లో చుట్టి తలకింద పెట్టుకుని తండ్రీకొడుకులు వెళ్ళివచ్చేవారు. పాసు లేని ఊరికి ప్రయాణం లేదు. ఆడని టోర్నమెంటుకు పాయింటు లేదు. ఆ సంవత్సరాల్లో అమ్మ, నేను, పాసు మీద ఒక్క తిరుపతి కూడా వెళ్ళలేదు.

1997లో వాణ్ణి ఎంపిక శిబిరానికి పిలిచారు. తిరిగి వచ్చిన రాత్రి నాన్నగారు చెప్పినది రెండే మాటలు. ఎంపికైన ముగ్గురిలో ఇద్దరికి అప్పటికే నూనూగు మీసాలు వచ్చాయట. మా వాడు ఎవరికీ తేలిగ్గా లొంగలేదట గాని మూడో సెట్టుకు వచ్చేసరికి కాళ్ళు లాగేశాయట. ఆయన ఎవరినీ తప్పుపట్టలేదు. ఆడినవారిని ఆడినట్టుగానే ఎంచారన్నారు.

తరువాతి వారం ఒక పెద్దమనిషి మా ఇంటికి వచ్చాడు. వెనకటి కాగితంలో పొరపాటు దొర్లిందని రాసి, 1984 జనవరి 1వ తేదీతో కొత్త ధ్రువపత్రం తెప్పిస్తానన్నాడు. అప్పుడు మా వాడు మరుసటి ఏడాది కూడా అదే విభాగంలో ఆడవచ్చు. అదీ అందరిలోకీ పెద్దవాడుగా. "నాలుగు రోజులే కదండీ! మన ఊళ్ళలో సగం మంది పుట్టినరోజులు బడిలో మాస్టారు వేసినవేగా" అన్నాడు.

ఆ మాటలో అబద్ధం లేదు. మా నాన్నగారి సర్వీసు రిజిస్టరులో పుట్టినతేది జూలై 1. ఆయన పుట్టింది మాఘమాసంలో. బడిలో చేర్చిన రోజున మాస్టారు వేసిన తేదీ అది.

నాన్నగారు ఆయనకు కాఫీ ఇప్పించి పంపేశారు. ఆ రాత్రి నేను వాదనకు దిగాను. నాకప్పుడు పందొమ్మిదేళ్ళు, డిగ్రీ చదువుతున్నాను, లోకం తెలుసుననుకునేవాణ్ణి. "మీ తేదీ మాత్రం నిజమా?" అని కూడా అన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "నాది మాస్టారు వేశారురా, నాకు ఊహ తెలియక ముందు. వీడిది తెలిసి తెలిసి నేను వెయ్యలేను" అన్నారు. పక్కగదిలో తమ్ముడు నిద్రపోతున్నాడనే అనుకున్నాను.

పదిహేనుకూ పదిహేడుకూ మధ్య మా వాడు జానెడు పొడవు సాగాడు. తనకన్నా ముందు ఎంపికైన వారిలో ఒకణ్ణి ఒకసారి వరుస సెట్లలో ఓడించాడు కూడా. కాని అప్పటికి ఇంటర్ ఎంపీసీలో చేరాడు. మన ఇళ్ళలో ఆ రెండేళ్ళలో దేనికి చోటుంటుందో చదువరులకు నేను చెప్పనక్కరలేదు.

పుట్టిన నెలకూ ఎంపికకూ ఉన్న ఈ లంకెను కెనడాలో ఐస్ హాకీ ఆటగాళ్ళ విషయంలో రోజర్ బార్న్‌స్లీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1985లోనే చూపించాడు. 2008లో మాల్కమ్ గ్లాడ్‌వెల్ పుస్తకం ద్వారా అది లోకానికి తెలిసింది. అంటే మా ఇంట్లో వాదన జరిగే నాటికే ఆ సంగతి అచ్చులో ఉంది. దానికి ఎదురు ఉదాహరణలు లేకపోలేదు. 2003లో వింబుల్డన్ బాలికల డబుల్స్ గెలిచిన సానియా మీర్జా పుట్టింది నవంబరు 15న. మా కృష్ణా జిల్లా ఉయ్యూరులో అక్టోబరులో పుట్టిన సాకేత్ మైనేని 2016లో యూఎస్ ఓపెన్ ప్రధాన పోటీకి అర్హత సాధించేనాటికి ఇరవై ఎనిమిదేళ్ళవాడు. కాని శరీరం అందుకునే దాకా ఆటలో నిలిచి ఉండటమన్నది పిల్లవాడి ఒక్కడి చేతిలో ఉండదు. ఇంటి ఖర్చు, తల్లిదండ్రుల ఓపిక, చదువు, అన్నీ కలిసిరావాలి.

2012 నుంచి అంతర్జాతీయ టెన్నిస్‌లో పదేళ్ళ లోపు పోటీలకు నెమ్మదిగా వచ్చే బంతులే వాడాలన్న నియమం ఉంది. బంతిని పిల్లవాడి కొలతకు తగ్గట్టు మార్చవచ్చునని అందరూ ఒప్పుకున్నారు. ఎంపికకు వచ్చేసరికి ఆ కొలతను మరచిపోతున్నాం. వయసు దాచేవారిని పట్టుకోవడానికి మన క్రీడామంత్రిత్వ శాఖ 2010లో ఒక నియమావళి తెచ్చింది. మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముకల ఎదుగుదల చూస్తారు. దొంగలను పట్టవలసిందే. కాని ఎవరి ఎముక ఎంత ఎదిగిందో చెప్పే ఆ సాధనాన్ని దొంగను పట్టడానికే వాడుతున్నాం గాని, ఆలస్యంగా ఎదిగే పిల్లవాణ్ణి ఇంకో రెండేళ్ళు ఆగి చూద్దామనుకోవడానికి వాడటం లేదు. నాలుగు రోజులకు ఏడాది విలువ కట్టే గీత ఉన్నంతకాలం, దాన్ని చెరపజూసే పెద్దమనుషులూ వస్తూనే ఉంటారు.

తమ్ముడిప్పుడు బ్యాంకులో పనిచేస్తూ, ఆదివారాలు పిల్లలకు ఆట నేర్పుతున్నాడు. మొన్న డిసెంబరులో వాడి కోర్టుకు వెళ్ళాను. హాజరు పుస్తకంలో ప్రతి పేరు పక్కన పుట్టిన నెల రాసుకున్నాడు. ఆనాడు ఒక నవంబరు పిల్లవాడు రెండు సెట్లూ 6-1తో ఓడిపోయాడు. "మావాడికి ఆట వస్తుందంటారా?" అని వాళ్ళ నాన్న దిగులుగా అడిగాడు. "రెండేళ్ళు మానకుండా తీసుకురండి. అప్పుడు అడగండి, చెబుతాను" అన్నాడు మా వాడు.

అందరూ వెళ్ళాక ఇన్నేళ్ళుగా అడగనిది అడిగాను.

"ఆ రాత్రి నువ్వు విన్నావురా?"

"విన్నానన్నయ్యా. నాన్నగారి మీద చాలాకాలం కోపంగా ఉండేది."

"మరి నా మీద?"

"నీ మీదెందుకు? నువ్వు నా తరఫున అడిగావుగా" అంటూ బంతులు ఏరడానికి వంగాడు.

నాన్నగారు పోయి ఆరేళ్ళయింది. ఆ రాత్రి నేను ఆయన తరఫున ఉండవలసిందని ఇప్పుడనిపిస్తోందని వాడితో అనబోయి, అనలేక, నేను కూడా వంగి బంతులు ఏరసాగాను.