సభలకు వెళ్ళే బండిలో



సభల కాలం దగ్గరకొస్తోంది. హైదరాబాదుకు ఏ బండి మాట్లాడాలి, ఎంతమంది వస్తారు, తలకు ఎంత పడుతుంది అని ఆరాధన అయ్యాక అప్పుడే మాటలు మొదలయ్యాయి. వాటి వెంబడే పోయిన ప్రయాణాల ఫిర్యాదులు కూడా బయటికి వచ్చాయి. ఈ వారం వాటి గురించే రాస్తున్నాం.

అమెరికాలో ఉద్యోగం చేస్తున్న మన సంఘపు బిడ్డ ఒకరు, అక్కడివాళ్ళు సెలవుల్లో తీసుకెళ్ళే ఇంటిబండి గురించి మాకు ఫోనులో చెప్పారు. దాన్ని ఆర్‌వీ అంటారట. మంచం, పొయ్యి, ఫ్రిజ్జు, మరుగుదొడ్డి అన్నీ బండిలోనే ఉంటాయి. ఇక వాళ్ళకు కష్టమేముంది అనుకున్నాం. ఉందట! పైకప్పు కారుతుంది. నిలిపిన చోటు ఏటవాలుగా ఉంటే రాత్రంతా ఒక పక్కకే దొర్లుతూ ఉండాలి. పక్క బండివాళ్ళు పొద్దుపోయినా జనరేటరు ఆపరు. అన్నిటికంటే, మరుగుదొడ్డి కింద ఉన్న ట్యాంకు నిండితే దానికని పెట్టిన చోటికి తోలుకుపోయి, బండి యజమానే చేతికి తొడుగులేసుకుని, గొట్టం తగిలించి ఖాళీ చేయాలి. లక్ష డాలర్లు పెట్టి కొన్నా ఆ పని తప్పదట. ఆ సంగతి విని మా ఇంట్లో చాలాసేపు నవ్వుకున్నాం.

మన బండి సంగతి మీకు తెలిసిందే. శిరివెళ్ల నుంచి నంద్యాల, ఓర్వకల్లు, కర్నూలు. అక్కడ తుంగభద్ర దాటి, పుల్లూరు టోల్‌గేటు మీదుగా 44వ నంబరు రోడ్డు పట్టుకుని జడ్చర్ల, షాద్‌నగర్. దాదాపు 300 కిలోమీటర్లు. కాళ్ళ దగ్గర బియ్యం మూట, ఒడిలో పిల్ల, తల మీద చాపల కట్ట. కిటికీ పక్క సీటు ఎవరిదన్న పంచాయితీ నంద్యాల దాటక ముందే వస్తుంది. ఓర్వకల్లు వచ్చేసరికి ఒక పిల్లవాడు చిత్రాన్నం కక్కుతాడు. డ్రైవరు పెట్టే పాటలు పెద్దలకు నచ్చవు, పెద్దలు పాడే పాటలు డ్రైవరుకు నచ్చవు. కొందరు ఖర్చు తగ్గుతుందని ట్రాక్టరు ట్రాలీలోనో సరుకుల ఆటోలోనో పోదామంటారు. దానికి మేము ఒప్పుకోం. సరుకు బండిలో మనుషులను ఎక్కించడం చట్టవిరుద్ధం, జరగరానిది జరిగితే ఇన్సూరెన్సు కూడా సాధారణంగా వర్తించదు.

అక్కడికి చేరాక ఇంకో రకం. పందిట్లో మన చాప పరిచిన చోట ఇంకొకరు పడుకుని ఉంటారు. సరిగ్గా మొహం మీద లైటు వెలుగుతుంది, ఆపేవారు లేరు. తెల్లవారుజామున నాలుగింటికే కొళాయి దగ్గర బకెట్ల వరుస. చెప్పులు జతగా దొరికితే స్తుతి చెల్లించాల్సిందే.

పందిళ్ళలో కొన్ని దినాలు కలిసి ఉండి, కలిసి తిని, వాక్యం వినే ఈ పద్ధతి మన పెద్దల కాలం నుంచి వస్తున్నది. భక్తసింగ్ గారు లేవీయకాండము 23వ అధ్యాయాన్ని ఆధారం చేసుకుని 1941లో మద్రాసులో పరిశుద్ధ సమాజ కూటములు మొదలుపెట్టారు. హైదరాబాదులో హెబ్రోను 1950లో ఆరంభమైంది. ఆ అధ్యాయంలోనే పర్ణశాలల పండుగ ఉంది. ఏడు దినాలు ఇల్లు విడిచి కొమ్మల కింద నివసించాలి. ఇల్లు వదిలితే ఇబ్బంది ఉంటుందని ఆజ్ఞ ఇచ్చినవానికి తెలియదా?

అందుకే బండిలో ఎవరైనా నోరు తెరవగానే, "సణగొద్దమ్మా, ఇశ్రాయేలీయులు సణిగి ఏమయ్యారో చూడలేదా" అనే మాట వెంటనే వస్తుంది. మంచి మాటే. అయితే ఆ చరిత్రను నిదానంగా చదవాలని మా మనవి.

సంఖ్యాకాండము 33వ అధ్యాయంలో వారు దిగిన మజిలీల పేర్లు వరుసగా ఉన్నాయి, 40కి పైనే. వాటిలో రెండింటిని పక్కపక్కన పెట్టి చూడండి. ఒకటి మారా. మూడు దినాలు నీళ్ళు లేక నడిచి వచ్చారు, దొరికిన నీళ్ళు చేదు. అక్కడా సణిగారు, నిర్గమకాండములో ఆ మాటే ఉంది. దేవుడు వారిని కొట్టలేదు. మోషేకు ఒక చెట్టును చూపించి నీళ్ళను తియ్యగా చేశాడు. ఆ తర్వాతి మజిలీ ఏలీము, పన్నెండు నీటి ఊటలు, డెబ్బది ఈతచెట్లు. రెండోది కిబ్రోతుహత్తావా. అక్కడ కడుపుకు మన్నా ఉంది. అయినా ఐగుప్తులో తిన్న చేపలు, దోసకాయలు, ఉల్లి, వెల్లుల్లి తలచుకుని ఏడ్చారు. తెగులు వచ్చింది అక్కడ. దాహానికి పెట్టిన మొర ఒకటి, నాలుక రుచికి చేసిన గొడవ ఇంకొకటి. మన బండిలో రెండింటినీ ఒకే గాటన కట్టేస్తున్నాం.

ఇప్పుడు అసలు సంగతి.

మన సంఘంలో ఒక అవ్వ ఉంది. పేరు చెప్పము. నడక బాగానే ఉంది, చూపు బాగానే ఉంది, మూడేళ్ళుగా సభలకు మాత్రం రావడం లేదు. అడిగితే "ఓపిక లేదయ్యగారూ" అనేది. ఒకనాడు బుడ్డలు ఒలుస్తూ మా ఇంట్లో అమ్మగారితో అసలు మాట చెప్పింది. బయలుదేరే ముందురోజు రాత్రి నుంచే నీళ్ళు తాగడం మానేసేదట. దారిలో ఒక బంకులో మరుగుదొడ్డికి తాళం వేసి ఉంటే, తాళంచెవి అడగడానికి మగపిల్లల ముందు సిగ్గుపడి ఊరుకుందట. "పందిట్లో చాప లేకున్నా పండుకుంటానమ్మా, అది మాత్రం నా వల్ల గాదు" అంది.

అమ్మగారు తర్వాత ఒక్కొక్కరినే అడిగితే తేలింది, బండెక్కే మన ఆడబిడ్డల్లో సగానికి పైగా అదే పని చేస్తున్నారు. ఎండలో 300 కిలోమీటర్లు, గుక్కెడు నీళ్ళు లేకుండా. షుగరు ఉన్నవారు, నెల తప్పిన కోడళ్ళు కూడా. మూత్రంలో మంట, తలతిరుగుడు అంటూ వచ్చినాక వారం దినాలు పడుకున్నవారు ఉన్నారు. వీళ్ళలో ఒక్కరూ బండిలో నోరు తెరిచినవారు కారు. కిటికీ సీటు కోసం, పాటల కోసం నోరు చేసుకున్నదంతా మగవాళ్ళమే అన్నది గమనించండి. బండి ఆపి చెట్టు చాటుకు పోగలిగినవాళ్ళం!

ఇది చెప్పడానికి సిగ్గుపడాల్సిన విషయమని ఎవరికైనా అనిపిస్తే ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయం చదవండి. పాళెము వెలుపల దానికంటూ ఒక చోటు ఉండాలనీ, తవ్వడానికి పనిముట్టు వెంట ఉంచుకోవాలనీ, తర్వాత మట్టి కప్పాలనీ ధర్మశాస్త్రంలోనే రాసి ఉంది. పాళెములో సంచరించే దేవుడు ఆ సంగతిని చిన్నదిగా ఎంచలేదు. బలిపీఠం కొలతలు చెప్పినట్టే ఇదీ చెప్పాడు.

కాబట్టి ఈసారి కొన్ని తీర్మానాలు. పెట్రోలు బంకుల్లో మరుగుదొడ్డి, తాగే నీరు, టైర్లకు గాలి ప్రజలకు ఉచితంగా ఉంచాలన్నది ఆయిల్ కంపెనీల నియమమే. తాళం వేసి ఉంటే బతిమాలనక్కరలేదు, అడగవచ్చు. టోల్‌గేట్ల దగ్గర కూడా మరుగుదొడ్లు ఉంటాయి. జాతీయ రహదారి మీద ఏ ఇబ్బంది వచ్చినా 1033కు ఫోను చేయవచ్చు, ఈ నంబరు పిల్లలతో మీ ఫోన్లలో ఎక్కించుకోండి. గంటన్నరకు ఒకసారి, ఎవరూ అడగకపోయినా బండి ఆగుతుంది. అడిగితేనే ఆపుతామంటే ఎవరూ అడగరు. ఎక్కడ ఆపాలో చెప్పేది డ్రైవరు పక్కన కూర్చునే స్త్రీల సమాజం అక్క. ఆగినచోట ముందు ఇద్దరు అక్కలు దిగి చూసి వస్తారు, బాగుంటేనే మిగతావారు దిగుతారు. సబ్బు, ఒక బకెట్టు, చెంబు, రెండు పాత చీరలు, నాలుగు వెదురు కర్రలు బండి పైన కట్టుకుంటున్నాం. చోటు దొరకకపోతే అవే మన గుడారం. యువకులకు అప్పగించిన పని ఆ కర్రలు పాతడం, నీళ్ళు మోయడం, అటు తిరిగి నిలబడడం. దీనివల్ల రెండు గంటలు ఆలస్యమవుతుంది. తెల్లవారుజామున మూడింటికే బయలుదేరుదాం.

కిటికీ సీట్లకు చీటీలు వేస్తాం. ఇక దాని గురించి మా దగ్గరకు రావద్దు.

పేర్లు వచ్చే ఆదివారంలోగా ఇవ్వండి. జాబితాలో మొదటి పేరుగా అవ్వది మేమే రాశాం. నిన్న సాయంత్రం అమ్మగారు పోయి ఈ ఏర్పాట్లన్నీ చెప్పి వచ్చారు. వస్తానని ఇంకా అనలేదు. చీరల అడ్డు ఎంత ఎత్తుంటుందని మాత్రం అడిగిందట.