బండ సందులో నెమలిపురి

నాగార్జునసాగర్ గేట్లు ఎత్తారు, పోయి రాసుకురమ్మన్నాడు ఎడిటర్. 26 గేట్ల ముందు సెల్ఫీల జాతర కాసేపట్లోనే విసుగేసింది. నందికొండ ఊరు దాటి ఒక గుట్టెక్కాను. మేకలు కాస్తున్న అవ్వ బండ సందులోంచి ఒక ఆకు తెంపి, వేళ్ల మధ్య తిప్పుతూ "గిది ఎర్కేనా బిడ్డా?" అంది.

వేలెడు కాడ. సన్నగా, తీగముక్కలా గట్టిగా ఉంది. దాని కొసన ఆకు రెండుగా చీలి, ఆ రెండూ మళ్లీ రెండేసిగా చీలుతూ పోయి పురి విప్పిన నెమలిలా పరుచుకుంది. అవ్వ ఆకు తిరగేసి, లోపలికి మడిచిన అంచును గోటితో లేపింది. కింద గోధుమరంగు పొడి.

"పువ్వు లేదు, కాయ లేదు. గీ పొడే దీని ఇత్తనం."

మయూరశిఖి. శాస్త్రం పేరు ఆక్టినియోప్టెరిస్ రేడియేటా. ఫెర్న్ అంటే ఊటీ చలిలో, తడి నీడలో పెరిగేదనుకుంటాం. ఇది మన ఎండలకు కాలే బండల మధ్య చారెడు మన్నుతో సరిపెట్టుకుంటుంది. నీళ్లు లేకపోతే ముడుచుకుంటుంది, వాన పడితే విచ్చుకుని పచ్చబడుతుంది.

"గడ్డపారలు దెచ్చి ఏర్లతోని పెకిలిస్తున్రు. పట్నంల ఇంట్ల వెట్టుకుంటె పైసలొస్తయంట! ఆకు తెంపుకపోతె మల్ల లేస్తది గద."

నాకు ఒళ్లు మండేది పట్నంలో దీన్ని అమ్మే తీరు చూస్తేనే. ఎండిన దుబ్బును నీళ్లలో వేసి, విచ్చుకోగానే ప్రాణమొచ్చిందంటారు. చచ్చిన ఆకు కూడా తడి పీలిస్తే విచ్చుకుంటుంది. పచ్చదనం తిరిగి రావాలి, కొత్త ఆకు వేయాలి, అప్పుడు కదా బతికినట్టు! పైగా కోడిజుట్టు పువ్వుకూ మయూరశిఖి పేరే పెట్టేస్తారు.

దీని గురించి ఎవరైనా రాశారా అని చూస్తే, 1915–36 మధ్య వచ్చిన వృక్షశాస్త్రవేత్త గాంబుల్ గ్రంథం మద్రాసు ప్రెసిడెన్సీ పూలమొక్కలది. కృష్ణకు ఇటువైపు నిజాం రాజ్యం, పైగా దీనికి పువ్వే లేదు. రెండు విధాలా బయటే. నాగార్జునకొండ లోయ మునిగేలోపు 1954 నుంచి 1960 దాకా తవ్వి రాతిరాతికీ లెక్క రాశారు. గుట్ట మునగలేదు కాబట్టి దాని మీది మొక్క ఎవరికీ తొందర అనిపించలేదేమో. డ్యాం ఎత్తు, పొడవు చెప్పే బోర్డులకు కొదవ లేదు. ఈ మొక్కకు ఒక్కటీ కనపడలేదు.

ఫోన్ తీశాను. అవ్వ అడ్డు చెప్పలేదు.

"ఫొటో ఏసుకో. గుట్ట పేరు మాత్రం రాయకు. గడ్డపారలోల్లకు గూడ సదువొచ్చు."