చోటు తెలిస్తే సంగతి తెలిసినట్టేనా?

అమీర్‌పేటకు చదువుకోవడానికి వచ్చే మన పిల్లలకు ముందుగా కనిపించేవి బోర్డులు. మైత్రీవనం చుట్టూ గోడలు, స్తంభాలు, మెట్ల పక్కలు అన్నీ కోర్సుల పేర్లతో నిండి ఉంటాయి. జావా, టెస్టింగ్, క్లౌడ్, డేటా సైన్స్. దేవరకొండ వైపు తండా నుంచి వచ్చిన నేను ఆ బోర్డుల నడుమ యాప్ డిజైన్ కోర్సు ఎంచుకున్నాను. అక్కడ నేర్చుకున్న మాటల్లో నన్ను ఎక్కువ రోజులు వెంటాడింది ‘కాంటెక్స్ట్’. తెలుగులో సందర్భం అందాం.

మనం అడగకుండానే ఫోను కొన్ని పనులు చేస్తుంది. చీకట్లోకి వెళితే తెర వెలుగు తగ్గిస్తుంది. మాట్లాడుతూ చెవి దగ్గర పెట్టుకుంటే తెర ఆర్పేస్తుంది. లోపలి సెన్సర్లు చోటును, కదలికను, వెలుతురును కొలుస్తుంటాయి. ఆ కొలతలను బట్టి మనిషి ఏ స్థితిలో ఉన్నాడో ఊహించి నడుచుకునే పరికరాలను కాంటెక్స్ట్ అవేర్ పరికరాలు అంటారు.

ఈ ఆలోచన ఆఫీసుల్లో పుట్టింది. 1990ల మొదట్లో ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌లో ఒలివెట్టి పరిశోధనశాలలో ఉద్యోగులు ఒక చిన్న బ్యాడ్జి పెట్టుకునేవారు. ఎవరు ఏ గదిలో ఉన్నారో అది కంప్యూటర్‌కు చెప్పేది. ఎవరికైనా ఫోను వస్తే, వాళ్లకు దగ్గరున్న ఫోనుకు ఆ కాల్ మళ్లించేవారు. 1994లో బిల్ షిలిట్, ఆయన సహచరులు సందర్భమంటే ముఖ్యంగా మూడు విషయాలన్నారు: ఎక్కడున్నావు, ఎవరితో ఉన్నావు, నీ దగ్గర్లో ఏమున్నాయి. 2001లో అనింద్ డే దీన్ని ఇంకా పెద్దది చేశాడు. మనిషి పరిస్థితిని తెలిపే ఏ సమాచారమైనా సందర్భమే అన్నాడు.

వినడానికి బాగుంది. కానీ ఏ సమాచారం తీసుకోవాలో ఎవరో ఒకరు కూర్చుని తేల్చాలి. ఆ కూర్చున్నవాళ్లు తమకు తెలిసిన బతుకునే తలచుకుంటారు. ఒక మనిషికి ఒక ఇల్లు, ఒక ఉద్యోగం, ఒక ఫోను.

మా మామ సంగతి చెబుతాను. పంజాగుట్ట వెనక సందుల్లో కడుతున్న ఒక బిల్డింగుకు ఆయన వాచ్‌మన్. అత్తతో కలిసి అక్కడే రేకుల షెడ్డులో ఉండేవాడు. ఒకరోజు నేను వెళితే ఫోను చూపించి, మా గోర్ బోలీలో అడిగాడు: “ఇది మన ఇల్లని దీనికి ఎవరు చెప్పారు బిడ్డా?” మ్యాపులో ఆ బిల్డింగు మీద ఇంటి గుర్తు ఉంది. ఫోను రాత్రిళ్లు ఎక్కువగా ఎక్కడ ఉంటే అదే ఇల్లని ఊహించే పద్ధతి ఒకటుందని చెప్పాను. అత్త పొయ్యి దగ్గర నుంచే నవ్వింది. “స్లాబులన్నీ పడ్డాక ఇక్కడి నుంచి పొమ్మంటారు. అప్పుడు దీని ఇల్లు ఎక్కడ?”

లెక్క ప్రకారం ఫోను ఊహ సరైనదే. రాత్రి, చోటు, రోజుల సంఖ్య అన్నీ సరిపోయాయి. అత్తకు మాత్రం ఇల్లంటే సీత్లా పండక్కి వెళ్లే తండా. ఓటు ఉన్న ఊరు. చనిపోయినవాళ్లను పెట్టిన నేల. ఏ సెన్సరూ వాటిని కొలవదు.

2004లో పాల్ డౌరిష్ అనే పరిశోధకుడు రాసిన వ్యాసం నాకు ఇక్కడ పనికొచ్చింది. సందర్భం ముందే ఎక్కడో సిద్ధంగా ఉండి, మనం కొలిచి తెచ్చుకునే వస్తువు కాదంటాడు ఆయన. మనుషులు చేస్తున్న పనిలోంచి అది పుడుతుంది. పనితో పాటే మారుతుంది.

దీన్ని చూడాలంటే పంజాగుట్ట చౌరస్తాలో ఒక గంట నిలబడితే చాలు. ఒకే చోట, ఒకే సమయంలో ముగ్గురు ఆగి ఉంటారు. ఒకామె నిమ్స్‌లో ఉన్న భర్తకు టిఫిన్ పట్టుకుపోతోంది. ఇంకొకామె పెళ్లి నగలకు వచ్చింది. ఒక కుర్రాడు ఇంటర్వ్యూకు ముందు చొక్కా సర్దుకుంటున్నాడు. ఫోనుకు ముగ్గురూ ఒకే చుక్క. దగ్గర్లో మంచి హోటల్ ఉందని ముగ్గురికీ చెబితే, ఆ మాట ఒకరికి సాయం, ఒకరికి చిరాకు, ఒకరికి దుఃఖం.

రాత్రి పది గంటలకు మెట్రో దిగి హాస్టల్‌కు నడిచే ఆడపిల్లకు మ్యాపు దగ్గరి దారి చూపిస్తుంది. ఆమె మాత్రం లైట్లు, తెరిచిన దుకాణాలు ఉన్న దూరపు దారినే పోతుంది. దూరం సులభంగా కొలవొచ్చు కాబట్టి అది ముందు లెక్కలోకి వచ్చింది. భయాన్ని ఎవరూ అడగలేదు.

పరిస్థితిని చూసి మార్చుకున్న సందర్భాలూ ఉన్నాయి. 2017 డిసెంబరులో గూగుల్ మ్యాప్స్ మోటారు సైకిళ్ల కోసం వేరుగా దారి చూపే పద్ధతిని మొదట మన దేశంలోనే తెచ్చింది. కారు పోలేని సందులో బండి పోతుందని ఎవరో గమనించారు. గమనిస్తే దారి దొరుకుతుంది.

గమనించకపోతే నష్టం మనదే. ఉపాధి హామీ పనుల్లో 2023 జనవరి 1 నుంచి యాప్‌లో హాజరు తప్పనిసరి చేశారు. పనిచోట రోజుకు రెండు ఫొటోలు, వాటితో చోటు, సమయం. దొంగ మస్టర్లు ఆపాలన్న ఉద్దేశం మంచిదే. కానీ ఫొటోకు తెలిసేది మనిషి అక్కడ నిలబడిందనే. ఎంత మట్టి తవ్విందో, ఎండకు ముందే పని ముగించి చంటిబిడ్డ కోసం ఇంటికి ఎందుకు పోవాలో దానికి తెలియదు. సిగ్నల్ లేని గుట్ట పక్కన పని చేసే మనుషుల సందర్భం అంటే, వాళ్ల ఆ రోజు కూలీ.

అందుకే యాప్ చేసేవాళ్లు మూడు పనులు చేయాలని నా అభిప్రాయం. ముందు ఆ మనుషుల దగ్గర కూర్చుని చూడాలి. యాప్ దేన్ని బట్టి ఊహించిందో వాళ్లకు అర్థమయ్యే భాషలో చెప్పాలి. ఊహ తప్పితే ‘కాదు’ అనడానికి సులువైన దారి ఉంచాలి. మామ ఫోనులో ఇంటి గుర్తు మార్చే దారి ఉంది. కానీ అది చదువు వచ్చినవాళ్లు నాలుగుసార్లు నొక్కితే దొరికే చోట ఉంది.

గురుకులాల్లో, ఆశ్రమ పాఠశాలల్లో చెప్పే ఉపాధ్యాయులకు ఒక చిన్న మనవి. పిల్లలతో ఒక ఇంటి ఫోను ఒక్కరోజు ఎవరెవరి చేతుల్లో తిరిగిందో రాయించండి. పొద్దున బాపు మేస్త్రీతో మాట్లాడతాడు. మధ్యాహ్నం తమ్ముడు ఆట ఆడతాడు. సాయంత్రం యాడి పుట్టింటికి ఫోను చేస్తుంది. రాత్రి అక్క పాఠం వింటుంది. ఆ ఫోను మాత్రం నలుగురినీ ఒక్క మనిషే అనుకుంటుంది. ఆ కాగితం ముందు పెట్టుకుని, ఈ ఇంటికి యాప్ ఎలా ఉండాలో పిల్లలనే అడగండి.

అమీర్‌పేటకు వచ్చే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు కూడా అదే చెబుతాను. కోడింగ్ ఇక్కడ ఎవరైనా నేర్పుతారు. మీ తండా, మీ గూడెం ఎలా బతుకుతుందో ఇక్కడ ఏ ఇన్‌స్టిట్యూట్ దగ్గరా పాఠం లేదు. అది మీకు వచ్చు. రేపు మీరు పనిచేసే గదిలో, వాడేవాళ్ల గురించి ఏమేం తెలుసుకోవాలని లిస్టు రాసేటప్పుడు, మొహమాటపడకుండా చేయి ఎత్తి ఇంకో వరుస రాయించండి.