ఎంబీఏకు ఏది ఈడు?

డిగ్రీ చివరి పరీక్షలు దగ్గరపడుతున్నాయంటే మన ఇళ్లలో ఎంబీఏలో చేరడానికి రాసే ఐసెట్ మాట మొదలవుతుంది. "ఉద్యోగంలో పడ్డాక మళ్లీ పుస్తకం పట్టలేవు, ఆ రెండేళ్లూ ఇప్పుడే కానిచ్చెయ్యి" అంటారు పెద్దవాళ్లు. ఆ మాటలో ప్రేమ ఉంది, కొంత నిజమూ ఉంది. 21 ఏళ్లకు సంసారం బరువుండదు, వదులుకోవాల్సిన జీతమూ ఉండదు. అయినా నన్నడిగిన పిల్లలకు నేను చెప్పేది ఒకటే: రెండు మూడేళ్లు ఎక్కడైనా పనిచేసి వెళ్లండి.

వర్కింగ్ క్యాపిటల్ పాఠమే తీసుకోండి. పుస్తకంలో అది నాలుగు వాక్యాల నిర్వచనం. గుంటూరు వైపు ఎరువుల కొట్టులో లెక్కలు రాసిన కుర్రాడికి అది రోజూ చూసిన అవస్థ. మిరప నాట్లప్పుడు రైతులు ఎరువులూ పురుగుమందులూ అరువుకు పట్టుకెళతారు. పంట అమ్ముడై ఆ బాకీలు బాగా వసూలయ్యేది సంక్రాంతి దాటాకే. ఈలోగా కంపెనీకి సరుకు డబ్బు కట్టాలి, గుమాస్తాకు జీతమివ్వాలి, బ్యాంకు వడ్డీ తీర్చాలి. ఖాతా పుస్తకంలో లాభం ఉంటుంది, గల్లాపెట్టెలో మాత్రం డబ్బుండదు. "గడువు తగ్గిస్తే రైతు పక్క కొట్టుకు పోతాడు కదండీ, అప్పుడెలా?" అని క్లాసులో అడగగలిగేది ఆ కుర్రాడే. ఆ ప్రశ్నతో పక్కన కూర్చున్నవాళ్లకూ పాఠం ఒంటబడుతుంది.

పెద్ద విద్యాసంస్థలకు ఈ సంగతి తెలుసు. 2001లో హైదరాబాదులో తరగతులు మొదలుపెట్టిన ఐఎస్‌బీ, అనుభవం ఉన్నవాళ్ల కోసమే ఏడాది కోర్సు నడిపింది. అహ్మదాబాద్ ఐఐఎం తన రెండేళ్ల కోర్సులో వేసవి ఇంటర్న్‌షిప్ పెట్టింది. పని రుచి తెలియనివాళ్లకు అది తొలి పరిచయం. అనుభవజ్ఞులకు అక్కడా వేరే ఏడాది కోర్సుంది. ఐఐఎంల ప్రవేశ పరీక్ష క్యాట్ రాయడానికి గరిష్ఠ వయసంటూ లేదు. ఇంటర్ కాగానే చేరదలచినవాళ్లకు ఇండోర్ ఐఐఎం 2011లోనే అయిదేళ్ల కోర్సు తెరిచింది. తలుపులన్నీ తెరిచే ఉన్నాయి. ఎందుకు వెళుతున్నామో తెలియడమే ముఖ్యం.

మరీ ఆలస్యమైనా ఖర్చు పెరుగుతుంది. 38 ఏళ్ల మనిషి ఉద్యోగం మానేస్తే, ఫీజుతో పాటు పెద్ద జీతమూ పోతుంది. ఇంటి వాయిదాలు, పిల్లల బడి ఫీజులు ఆగవు. అలాంటివాళ్లకు ఉద్యోగం చేసుకుంటూ సెలవు రోజుల్లో చదివే ఎగ్జిక్యూటివ్ కోర్సులే మేలు.

ఆడపిల్లల దగ్గర ఈ లెక్క తారుమారవుతోంది. పెళ్లిలోగా చదువు ముగించాలన్న తొందరలో, పని అనుభవం లేకుండానే వాళ్లను ఎంబీఏలో చేర్పిస్తున్నాం. కొడుకు "రెండేళ్లు పనిచేసి చదువుతా"నంటే మెచ్చుకునే ఇల్లే, కూతురు ఆ మాటంటే సంబంధాల చిట్టా తీస్తుంది. ఇది అన్యాయం. కొడుక్కిచ్చే ఆ రెండేళ్లు కూతురికీ ఇవ్వండి. ఏ వయసులో చేరాలో, ఏం నేర్చుకోవాలో ఆ అమ్మాయే తేల్చుకుంటుంది.