ప్రతులు: 1000

మాంచెస్టర్‌లో మా వీధి ఇళ్ళన్నీ రైలు పెట్టెల్లా ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. రెండిళ్ళకీ మధ్య ఒకటే గోడ. ఆ గోడకి అవతల ఉండే పెద్దాయన పోస్టాఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. ఆయన దగ్గు, శనివారాలు టీవీలో ఫుట్‌బాల్ కేకలు తప్ప పదేళ్ళుగా నాకు ఆ ఇంట్లోంచి ఏమీ వినపడలేదు. 2018 డిసెంబరులో ఒక రాత్రి మాత్రం గిటారు మోత వినపడింది. అదే పాట మళ్ళీ మళ్ళీ. దాదాపు అర్ధరాత్రి దాకా.

మర్నాడు చెత్తడబ్బా బయట పెడుతుంటే ఎదురయ్యాడు. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. "రాత్రి మోత ఎక్కువైంది, ఏమీ అనుకోకు లవ్" అన్నాడు. మనవైపు పెద్దవాళ్ళు "అమ్మా" అన్నట్టే ఇక్కడివాళ్ళు "లవ్" అంటారు. "పీట్ షెల్లీ పోయాడు. అరవై మూడేళ్ళే."

ఆ పేరు నాకు తెలీదు. ఆ సంగతి నా మొహంలోనే తెలిసినట్టుంది. లోపలికి రమ్మని టీ పెట్టి, ప్లాస్టిక్ సంచీలో భద్రంగా దాచుకున్న చిన్న రికార్డు ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు. అట్ట మీద నలుపు తెలుపు ఫోటో, నలుగురు కుర్రాళ్ళు. షెల్లీ ఉన్న బజ్‌కాక్స్ అనే బ్యాండు మొదటి రికార్డు, "స్పైరల్ స్క్రాచ్". 1977 జనవరి 29న వచ్చింది. ఊళ్ళో వర్జిన్ షాపులో కొన్నప్పుడు తనకి పదిహేడేళ్ళట.

అట్ట వెనక్కి తిప్పాను. ఉన్నవి నాలుగు పాటలు. ఒక్కో పాట పేరు పక్కన అది ఎన్నోసారి వాయించినప్పుడు కుదిరిందో, పైన గిటారు మళ్ళీ వాయించి కలిపారో లేదో రాసి ఉంది. "బ్రేక్‌డౌన్" మూడోసారికి, ఏమీ కలపకుండా. "టైమ్స్ అప్", "బోర్‌డమ్", "ఫ్రెండ్స్ ఆఫ్ మైన్" మొదటిసారికే, గిటారు కలిపి. అంతే. చేసిన పద్ధతంతా కొన్నవాడికి చెప్పేశారు. మీరూ చేసుకోవచ్చు, ఇదిగో ఇంతే పని అన్నట్టు.

ఆ రాతలు చూస్తుంటే నాకు మా నాన్న పుస్తకం చివరి పేజీ గుర్తొచ్చింది.

నాన్న తెనాలి దగ్గర పల్లెలో బడిపంతులు. 1976లో తన కవితలు అరవై నాలుగు పేజీల పుస్తకంగా అచ్చు వేయించాడు. తెనాలిలో ప్రెస్సులకి కొదవలేదు. చివరి పేజీలో ప్రెస్సు పేరు, అక్షరాలు కూర్చిన కంపోజిటర్ పేరు, వెల మూడు రూపాయలు, ప్రతులు: 1000 అని ఉంటాయి. మూడొందల చిల్లర అమ్ముడుపోయాయి. మిగతావి పురికొస కట్టలుగా నవారు మంచం కిందికి చేరాయి. మరుసటేడు నవంబరులో దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు ఆ గాలివానకి మా ఇంట్లోకీ నీళ్ళొచ్చి రెండు కట్టలు తడిసిపోయాయి. నేను పుట్టి పెరిగింది ఆ మంచం మీదే. ఊళ్ళో కాలేజీ లెక్చరర్ ఒకాయన ఇంటికొచ్చినప్పుడల్లా ఆ కట్టల్ని కాలితో తట్టి, "సొంత డబ్బుతో వేయించుకున్నదేగా" అనేవాడు. నాన్న ఏమీ మాట్లాడేవాడు కాదు. చిన్నప్పుడే ఆ మాట నాలో దిగిపోయింది. ఎవరో ఎంచి వేస్తేనే పుస్తకమనీ, మనమే వేసుకుంటే కాదనీ నమ్మేశాను. స్నేహితులకి నాన్న కవి అని చెప్పిన గుర్తు ఒక్కటీ లేదు.

ఈ బజ్‌కాక్స్ కుర్రాళ్ళు చేసిందీ అదే. అప్పటికే సెక్స్ పిస్టల్స్ అనే పంక్ రాక్ బ్యాండువాళ్ళు ఈఎంఐ కంపెనీలో రికార్డు చేశారు. క్లాష్ అనే ఇంకో బ్యాండుని 1977 జనవరిలో సీబీఎస్ తీసుకుంది. అప్పట్లో ఇంగ్లండులో పాట బయటికి రావాలంటే చాలామటుకు లండన్‌లో ఎవరో కంపెనీవాళ్ళు తలుపు తియ్యాలి. వీళ్ళు తలుపు దగ్గర నిలబడలేదు. చుట్టాల దగ్గరా స్నేహితుల దగ్గరా 500 పౌండ్లు అప్పు తెచ్చుకున్నారు. అందులో 250 పీట్ షెల్లీ వాళ్ళ నాన్న ఇచ్చినవే. న్యూ హార్మోన్స్ అని తమకి తామే ఒక లేబుల్ పేరు పెట్టుకున్నారు. క్రిస్మస్ అయిన మూడో రోజు, 1976 డిసెంబరు 28న, మాంచెస్టర్‌లోనే ఇండిగో అనే స్టూడియోలో మూడు గంటలు వాయించి, రెండు గంటల్లో మిక్సింగ్ పూర్తి చేశారు. రికార్డు చేసినతను మార్టిన్ హానెట్, అట్ట మీద మార్టిన్ జీరో అని ఉంటుంది. తర్వాత జాయ్ డివిజన్ అనే బ్యాండు రికార్డులు చేసింది ఈయనే. మొదట వేసింది వెయ్యి ప్రతులు.

వెయ్యి అనేసరికి నాకు గుండె ఝల్లుమంది. అదే అంకె.

ఆ వారం సెలవు రోజున, పెద్దాయన చెప్పిన చోట్లన్నీ తిరిగి చూశాను. అట్ట మీది ఫోటో వాళ్ళ మేనేజరు రిచర్డ్ బూన్ పోలరాయిడ్ కెమెరాతో తీసింది. పికడిల్లీలో రాబర్ట్ పీల్ విగ్రహం దగ్గర. నేను రోజూ బస్సు దిగి దాటిపోయే విగ్రహమే అది. పీల్ కుటుంబానికి ఆస్తి తెచ్చింది రంగుల అచ్చు బట్టలు. మచిలీపట్నం నుంచి వచ్చిన కలంకారీ చూసి ముచ్చటపడి, తర్వాత దాని దిగుమతి మీద నిషేధం పెట్టి, ఆ పనిని ఇంగ్లండువాళ్ళు ఇక్కడికి తెచ్చుకున్నారు. పెడన కలంకారీ చీర కట్టుకుని ఆ విగ్రహం కింద నిలబడితే నాకు ఒళ్ళు మండింది. అయినా ఆ నలుగురి మీద కోపం రాలేదు. మిల్లులు మూతపడుతున్న కాలపు పిల్లలు వాళ్ళు.

పీటర్ స్ట్రీట్‌లో ఫ్రీ ట్రేడ్ హాల్ ఇప్పుడు హోటలు. ఒకప్పుడు దాని పైఅంతస్తులో లెస్సర్ ఫ్రీ ట్రేడ్ హాల్ అని చిన్న హాలు ఉండేది. బోల్టన్‌లో చదువుకుంటున్న హొవార్డ్ ట్రాఫర్డ్, పీటర్ మెక్‌నీష్ అనే ఇద్దరు కుర్రాళ్ళు పత్రికలో సెక్స్ పిస్టల్స్ గురించి చదివి, లండన్ వైపు వెళ్ళి వాళ్ళని చూసి వచ్చి, ఆ హాలు అద్దెకి తీసుకుని 1976 జూన్ 4న వాళ్ళ చేత ఇక్కడ పాడించారు. టిక్కెట్టు యాభై పెన్నీలు. వచ్చింది నలభై మందికి అటూ ఇటూ. తమ బ్యాండు అప్పటికి తయారుకాక ఆ రోజు వాళ్ళు వాయించనేలేదు. జూలై 20న రెండోసారి పెట్టినప్పుడు వాయించారు. మొదటి రోజు కూర్చున్న ఆ కొద్దిమందిలోంచే తర్వాత జాయ్ డివిజన్ కట్టినవాళ్ళు వచ్చారు.

ఆ ఇద్దరే హొవార్డ్ డెవోటో, పీట్ షెల్లీ అయ్యారు. ఆడపిల్ల పుడితే పెడదామని అమ్మానాన్నలు అనుకున్న పేరునే షెల్లీ తనకి పెట్టుకున్నాడట. కొత్త పని కోసం కొత్త పేరు. ఇది మనకి కొత్త కాదు. నగ్నముని, జ్వాలాముఖి, చెరబండరాజు, నిఖిలేశ్వర్, మహాస్వప్న, భైరవయ్య — ఆరుగురూ పాత పేర్లు వదిలేసి, 1965లో హైదరాబాదులో అర్ధరాత్రి, ఒక రిక్షా కార్మికుడి చేత తమ దిగంబర కవుల సంపుటిని ఆవిష్కరింపజేశారు. వేదిక ఎక్కించేవాళ్ళ కోసం వాళ్ళూ ఎదురుచూడలేదు. నాన్న బీరువాలో ఆ సంపుటి ఉండేది.

పాట సంగతి చెప్పాలి. ఘంటసాల పాటలతో పెరిగిన చెవికి మొదట ఇది గోల. డెవోటో గొంతు చికాకుగా, తొందరగా, మాటల్ని కొరికి ఉమ్మేస్తున్నట్టు ఉంటుంది. నాలుగోసారి విన్నాక దాని కింద షెల్లీ గిటారు వినపడింది. అక్కడ ఒక వరస ఉంది, కూనిరాగం తియ్యగలిగిన వరస. "బోర్‌డమ్" మధ్యలో గిటారు ఒంటరిగా మోగే చోట రెండే రెండు స్వరాలు. లెక్కపెట్టినవాళ్ళు 66 సార్లు అంటారు. విసుగు మీద పాట కాబట్టి విసుగునే వాయించాడు. పాండిత్యం చూపించడానికి చోటున్న చోట చూపించకపోవడం నాకు బాగా నచ్చింది. రికార్డు వచ్చిన కొద్దిరోజులకే డెవోటో వెళ్ళిపోయి మ్యాగజైన్ అనే బ్యాండు పెట్టుకున్నాడు. షెల్లీ గొంతెత్తాడు. అప్పుడు ఆ వరస పైకి వచ్చింది. పంక్ వేగంతోనే ప్రేమపాటలు, ఎదుటి మనిషి మగో ఆడో చెప్పకుండా, ఎవరికి వారు తమవనుకునేలా రాశాడు. 1978లో "ఎవర్ ఫాలెన్ ఇన్ లవ్" దేశం మొత్తం పాడుకుంది. ఆ రాత్రి గోడ అవతల మోగింది అదే.

వెయ్యి ప్రతులూ అయిపోయాయి. మళ్ళీ వేశారు, మళ్ళీ వేశారు, 16,000 దాకా పోయాయి. ఆ మాట కన్నా నాకు పెద్దదిగా కనిపించింది తర్వాత జరిగినది. ఊరూరా పిల్లలు తమ రికార్డులు తామే వేసుకోవడం మొదలుపెట్టారు. 1978లో స్క్రిట్టి పొలిట్టి అనే బ్యాండు తమ మొదటి రికార్డు అట్ట మీద దేనికెంత ఖర్చయిందో కూడా అచ్చు వేసింది. సొంత డబ్బుతో అని దాచుకోలేదు, లెక్కతో సహా చెప్పుకున్నారు.

ఆదివారం నాన్నకి ఫోన్ చేశాను. రాజమండ్రిలో అక్కయ్య కూతురి సంబంధం సంగతులన్నీ అయ్యాక ఈ రికార్డు గురించి చెప్పాను.

"ఎన్ని వేశారమ్మా?"

"వెయ్యి నాన్నా."

కాసేపు ఊరుకున్నాడు. "డబ్బు?"

"అప్పు. సగం ఆ అబ్బాయి వాళ్ళ నాన్నే ఇచ్చాడు."

ఈసారి చాలాసేపు మాట్లాడలేదు. లైను పోయిందేమో అనుకున్నాను. తర్వాత చెప్పాడు. నేను ఎప్పుడూ అడగలేదు, ఆయన ఎప్పుడూ చెప్పలేదు. ఆ ఏడు మినుములమ్మిన డబ్బు తాతయ్య తెచ్చి బల్ల మీద పెట్టాడట. ఎంతవుతుందనిగానీ, తిరిగొస్తుందా అనిగానీ అడగలేదట.

"ప్రెస్సు పేరు వేశాను. కంపోజిటర్ పేరు వేశాను. మా నాన్న పేరు వెయ్యలేదు తల్లీ. ఆయనకి చదవడం రాదుగా, వేసినా తెలీదులే అనుకున్నాను."

సంక్రాంతికి ఇంటికి వెళ్ళాను. నాన్న మంచం కిందనుంచి కట్టలు తీయించి, అరుగు మీద చాప పరిపించి కూర్చున్నాడు. చెదలు తిన్నవి పోగా రెండొందల పన్నెండు మిగిలాయి. నేను ఒక్కొక్కటి తెరిచి అందిస్తుంటే, మూడో పేజీలో ఖాళీ ఉన్న చోట తాతయ్య పేరు చేత్తో రాస్తున్నాడు. ఉప్పెన నాటి నీళ్ళకి ఉబ్బిన కాగితాల మీద సిరా పాకుతోంది. వాటికి పెన్సిలు తీసుకున్నాడు.